గణకశాస్త్ర పాఠాలు, గోదావరిఖని లెక్కలు: ఒక విమర్శ

ఇంటర్మీడియట్ వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పే పని ఈ వ్యాసకర్తకు గోదావరిఖనిలో కొన్నేళ్ళుగా ఉన్నది. వారిలో ఎక్కువమంది బాయి పనివారి బిడ్డలు. అందులో మన పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడుతారు, బడిలో తెలుగు చదువుతారు. 2024 సెప్టెంబరులో ఒక కుర్రవాడు పాఠ్యపుస్తకం తెరవకుండా ఆనాటి దినపత్రిక ముక్క నా ముందు పెట్టాడు.

"సార్, 4,701 కోట్లల్ల 33 శాతమంటే 1,551 కోట్లు రావాలె గద. వీళ్ళు 796 అని రాసిండ్రు. లెక్క తప్పా, నాకు రాలేదా?"

లెక్క తప్పు కాదు. అతనికి రాకపోవడమూ కాదు. 2023-24 సంవత్సరానికి సింగరేణి లాభం 4,701 కోట్లని చెప్పి, అందులో 2,289 కోట్లు విస్తరణ పనులకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం కార్మికులకు ఇచ్చారు. అది 796 కోట్లు. అంతకుముందు సంవత్సరం, అనగా 2022-23కు, లాభం 2,222 కోట్లు. వాటా 32 శాతం. పంచినది 711 కోట్లు. అప్పుడు 32 శాతం మొత్తం లాభం మీద, ఇప్పుడు 33 శాతం మిగులు మీద. శాతం ఒకటి పెరిగింది, లాభం రెట్టింపు దాటింది, చేతికి వచ్చిన మొత్తం మాత్రం 85 కోట్లే పెరిగింది. 4,701 మీద లెక్కిస్తే 796 కోట్లు 17 శాతానికి కొంచెం తక్కువే. కార్మిక సంఘాలు కొన్ని ఈ మాటే అని అభ్యంతరం చెప్పినవి. విస్తరణకు డబ్బు ఉంచుకోవడం తప్పని నేను అనను. కొత్త గనులు లేకపోతే రేపటి మస్టరు ఎక్కడిది? కాని 'దేనిలో 33' అన్న ప్రశ్న ఒక పదహారేళ్ళ పిల్లవానికి తోచిందంటే, మనం రెండేళ్ళు చెప్పే గణకశాస్త్రమంతా ఆ ప్రశ్న కోసమే గదా! అయినా మా పాఠ్యపుస్తకంలో ఇటువంటి లెక్క ఒక్కటీ లేదు. శాతం ఎంతో ఇస్తారు, దేని మీదనో కూడా ఇస్తారు, పిల్లవాడు గుణిస్తాడు. 'దేని మీద' అన్నది తగవులో ఉండే విషయమని అతనికి ఎవరూ చెప్పరు.

ఈ వ్యాసంలో నేను విమర్శింపదలచినది రెండు రకాల పుస్తకాలను. ఒకటి, కళాశాలల్లో వాడే ప్రారంభ వాణిజ్య, అర్థశాస్త్ర గ్రంథాలు. రెండవది, 'ఇస్లాం ఆర్థిక విధానం' అన్న పేరుతో మనం రాసుకునే, చదువుకునే పుస్తకాలు. మొదటివాటిలో లెక్క ఉన్నది, బతుకు లేదు. రెండవవాటిలో బతుకు గురించిన ఆవేదన ఉన్నది, లెక్క లేదు.

మొదటివాటికి న్యాయం చేయాలి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తరువాత కళాశాల చదువు తెలుగులోకి వచ్చినప్పుడు, గణకశాస్త్రానికి పదాలు వెదికినవారు మంచి పని చేశారు. సంస్కృతం నుంచి కొత్త మాటలు పుట్టించకుండా చాలాచోట్ల దుకాణంలో ఉన్న మాటలనే తీసుకున్నారు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, నగదు, చిట్టా, ఆవర్జా. వీటిలో జమ, బాకీ, వసూలు, నగదు అరబ్బీ మూలాలవి. ఆవర్జా పారశీక దఫ్తరుల నుంచి వచ్చిన పేరు. అంటే మన మునుషీలు, కరణాలు కొన్ని శతాబ్దాలు ఒకే గదిలో కూర్చుని రాసిన లెక్కల భాష ఇది. వాణిజ్యశాస్త్రం 'వాళ్ళ చదువు' అని జంకే మన పిల్లవానికి మొదటిరోజే ఈ మాట చెప్పాలి. నేను చెబుతాను. తరగతిలో ఆవర్జా అన్న మాటకు నవ్వే పిల్లలు తరువాత నవ్వరు.

ఇక లెక్కల సంగతి. ఏ పుస్తకం తెరిచినా ఇద్దరు భాగస్థులుంటారు. ఒకరి మూలధనం 60,000, మరొకరిది 40,000. మూలధనంపై వడ్డీ 6 శాతం. లాభం పంచుము. ఇక్కడే మన ఇళ్ళలో ఒక చిక్కు మొదలవుతుంది. వడ్డీ అన్న మాట కనబడగానే కొందరు తండ్రులు పిల్లవానిని ఈ చదువు మాన్పించిన సందర్భాలు నాకు తెలుసు. కొందరు ఉపాధ్యాయులు "పరీక్ష కోసం రాయి, నమ్మకు" అని దాటవేస్తారు. రెండూ సరికాదు. ఆ లెక్కను చివరిదాకా చేయించాలి.

ఆ సంవత్సరం లాభం 5,000 మాత్రమే అనుకొందాం. వడ్డీ 3,600, 2,400 కలిపి 6,000 కావాలి. ఏం చేయాలి? భారత భాగస్వామ్య చట్టం, 1932లోని 13వ సెక్షను ప్రకారం మూలధనంపై వడ్డీ ఒప్పందంలో ఉంటేనే ఇవ్వాలి. అది కూడా లాభాల్లోంచి మాత్రమే. కాబట్టి ఉన్న 5,000నే 3,000గా, 2,000గా పంచి ఊరుకోవాలి. నష్టం వస్తే వడ్డీ లేదు. కాని అదే భాగస్థుడు మూలధనం కాక మరో 10,000 సంస్థకు అప్పుగా ఇచ్చి ఉంటే, దానికి 6 శాతం అదే సెక్షను ఇప్పిస్తుంది. సంస్థ నష్టంలో ఉన్నా ఆ 600 ఖర్చు కింద రాయవలసిందే. ఒకటి లాభంలో పంపకం, మరొకటి లాభంతో నిమిత్తం లేని భారం. రెండింటికీ పుస్తకం వడ్డీ అనే పేరే పెట్టింది. ఫికహ్ చదివినవారికి ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పనవసరం లేదు. పేరు చూసి తీర్పు చెప్పేవాడు ఇక్కడ తప్పక పొరబడతాడు.

అయితే 'లాభంలోంచే గదా, మొదటిది మనకు సమ్మతమే' అని తేల్చేవారు కూడా తొందరపడుతున్నారు. లక్ష రూపాయలు ఒకరివి, శ్రమ మరొకరిది అనుకోండి. ముజారబా. డబ్బు పెట్టినవానికి ముందుగా 6 శాతం, మిగిలినది సగం సగం అని రాసుకున్నారు. లాభం 5,000 వచ్చింది. 6,000 కావలసిన చోట ఉన్నది 5,000. అంతా డబ్బుదారే తీసుకుంటాడు. ఏడాదంతా కొట్లో నిలబడినవానికి సున్న. ధర్మవేత్తలు ఏ ఒక్క భాగస్థునికీ నిర్ణీత మొత్తం షరతు పెట్టరాదని, లాభంలో నిష్పత్తి మాత్రమే ఉండాలని అన్నది ఈ సున్న కోసమే. ఈ సంగతిని నేను ఉపన్యాసంగా మూడుసార్లు చెప్పినా పిల్లలు పట్టించుకోలేదు. లెక్కగా చేయించినరోజు ఒకడు "ఇది అన్యాయం గద సార్" అన్నాడు. నేను ఇంకా షరీఅత్ పేరే ఎత్తలేదు.

నష్టం లెక్క ఇంకొకటి. పై ఇద్దరికే, 60,000, 40,000 మూలధనం ఉన్నవారికి, 20,000 నష్టం వచ్చింది. ఒప్పందం ఏమీ లేకపోతే చట్టం చెరి సగం అంటుంది: 10,000, 10,000. హజ్రత్ అలీ (ర)కు ఆపాదించే నియమం, హనఫీ ధర్మవేత్తలు పాటించేది, వేరు: లాభం ఒప్పందాన్ని బట్టి, నష్టం మూలధనాన్ని బట్టి. అప్పుడు 12,000, 8,000. చట్టానికీ మనకూ ఇక్కడ తగవు లేదు, ఎందుకంటే చట్టం చెప్పేది ఒప్పందం లేనప్పటి మాట. భాగస్వామ్య పత్రంలో ఒక వాక్యం రాసుకుంటే చాలు. ఆ వాక్యం లేకుండా ఇద్దరు బావమరుదులు కొట్టు పెట్టి, అది మునిగినప్పుడు మసీదు కమిటీ ముందు కూర్చోవడం మన ప్రాంతంలో కొత్త కాదు.

ఇప్పుడు గిరిగిరి గురించి. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల వైపు తెలియని ఇల్లు లేదు. దూరపు పాఠకుల కోసం చెబుతాను. రోజువారీగా వసూలు చేసే అప్పు ఇది. పది వేలు అడిగితే ముందే పదిహేను వందలు కోసుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. జామీనుగా బాయి కార్మికుల ఏటీఎం కార్డులు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు పట్టుకొనే అలవాటు కూడా పత్రికలకు ఎక్కింది. 1349 ఫసలీ నాటి వడ్డీవ్యాపారుల చట్టం తెలంగాణా ప్రాంతంలో లైసెన్సు కావాలన్నది. లైసెన్సు ఎవరిని అడుగుతారు?

ఈ అప్పుకు వడ్డీ ఎంత? తరగతిలో అడిగాను. మొదటి సమాధానం నూటికి 15. పదివేలకు పదిహేను వందలు గదా. అప్పు ఇచ్చేవాడు చెప్పేదీ అదే. రెండవ సమాధానం సాధారణ వడ్డీ సూత్రం బాగా వచ్చిన అమ్మాయిది: 15 శాతం 100 రోజులకే కాబట్టి ఏడాదికి దాదాపు 55. మంచిదే. కాని ఇద్దరూ అసలు పదివేలన్నారు. చేతికి వచ్చినది 8,500. పైగా అది నూరు రోజులూ చేతిలో ఉండలేదు. రెండవరోజు నుంచే కరుగుతున్నది. యాభయ్యో రోజుకు సగానికి పైగా తీరిపోయింది. సగటున చేతిలో ఉన్న అప్పు నాలుగున్నర వేలకు కాస్త అటూ ఇటూ. దాని మీద నూరు రోజులకు 1,500 అంటే ఏడాదికి నూటికి 120 పైమాటే.

15, 55, 120. ఒకే అప్పు. మూడు సమాధానాల్లో మొదటిది గిరిగిరివాడికి లాభం, రెండవది పరీక్షలో మార్కులు, మూడవది నిజం. పాఠ్యపుస్తకం అసలు, కాలం, రేటు మూడింటిలో రెండిచ్చి మూడవది అడుగుతుంది. అసలు ఎంతో తానే చెప్పేస్తుంది. గోదావరిఖనిలో మోసం జరిగేది సరిగ్గా ఆ చెప్పేసిన చోటనే. అసలు ఎంతో, కాలం ఎంతో పిల్లవాడే తవ్వి తీయాలి. బొగ్గు కన్నా లోతులో ఉంటుంది అది.

మన పుస్తకాల్లో రిబా నిషేధం గురించి ఎన్ని పుటలున్నవో లెక్కలేదు. వాటిలో ఒక్క పుటలోనైనా ఈ 8,500 లెక్క నేను చూడలేదు. ఇదే నా రెండవ ఫిర్యాదు. మొదటిదానికన్నా ఎక్కువ బాధతో రాస్తున్నాను.

ఈ గడ్డకు ఈ విషయంలో పెద్ద వారసత్వం ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో ఉర్దూలో బోధన ప్రారంభించినప్పుడు అర్థశాస్త్రం కూడా ఉర్దూలోకి వచ్చింది. ఇల్యాస్ బర్నీ పాఠ్యగ్రంథాలు రాశారు. అక్కడి అర్థశాస్త్ర శాఖలో పనిచేసిన అన్వర్ ఇక్బాల్ ఖురైషీ 1940 దశకంలో ఇస్లాం, వడ్డీ సిద్ధాంతం గురించి పాశ్చాత్య అర్థశాస్త్రజ్ఞుల వాదాలను ఒక్కొక్కటిగా ఎదుర్కొంటూ గ్రంథం వెలువరించారు. హైదరాబాదువాసి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వడ్డీలేని సహకార సంఘాల గురించి రాశారు. ఆ తరువాత అలీగఢ్ నుంచి నజాతుల్లా సిద్దీఖీ వడ్డీలేని బ్యాంకు నడిచే తీరును వివరించారు. ఇరాక్ నుంచి 1961లో బాఖిర్ సద్ర్ గ్రంథం వచ్చింది. ఆర్థిక సమస్యకు మూలం వనరుల కొరత కాదు, మనిషి చేసే అన్యాయం, కృతఘ్నత అని ఆయన వాదం. 1932లో రాబిన్స్ ఇచ్చిన నిర్వచనాన్ని, అపరిమితమైన కోరికలు, పరిమితమైన వనరులు అన్నదాన్ని, మా పిల్లలు మొదటి పాఠంలోనే బట్టీ పడతారు. దాని పక్కన సద్ర్ వాదాన్ని పెట్టి చర్చింపజేస్తే ఎంత బాగుండును! వేసవిలో నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడే పిల్లలకు కొరతకూ పంపకానికీ తేడా వేరే చెప్పాలా?

కాని ఈ పెద్దల గ్రంథాల నుంచి తెలుగులోకి దిగినది వాదమే గాని అభ్యాసం కాదు. వారు ఎదుటివారి శాస్త్రాన్ని లెక్కలతో సహా చదివి రాశారు. మనం వారి ముగింపులను మాత్రం తెచ్చుకున్నాం. ప్రతి అధ్యాయం చివర దుఆ ఉంటుంది, పది ప్రశ్నలు ఉండవు. పూర్వులు ఇలా చేయలేదు. తొమ్మిదో శతాబ్దం ప్రారంభంలో అల్-ఖ్వారిజ్మీ బీజగణితం రాసినప్పుడు ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు లెక్కలే. ఫలానా మనిషి చనిపోయాడు, ఫలానావారిని వదిలాడు, ఇంత అప్పు ఉన్నది, పంచుము. ఒకదాని తరువాత ఒకటి. బఖరా సూరాలో ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు, 282వది, అప్పును గడువుతో సహా రాసుకోవడం గురించి, రాసేవాని బాధ్యత గురించి, సాక్షుల గురించి. మొత్తం చిన్నదైనా విసుగు పడక రాయమన్నది. మన ఉపన్యాసకులు దాని ముందున్న ఆయతుల దగ్గరే ఆగిపోతారెందుకో.

వారసత్వం మాట వచ్చింది కాబట్టి మా ఊరికి తగిన లెక్క ఒకటి. ఒక కార్మికుడు చనిపోయాడు. భార్య, తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోను 24 లక్షలు మిగిలినవి. భార్యకు ఎనిమిదో వంతు, 3 లక్షలు. తల్లికి ఆరో వంతు, 4 లక్షలు. మిగిలిన 17 లక్షల్లో కొడుక్కి రెండు పాళ్ళు, కూతుళ్ళకు చెరొక పాలు: 8,50,000, 4,25,000, 4,25,000. ఇంతవరకు ఏ మద్రసా పిల్లవాడైనా చేస్తాడు. కాని ప్రావిడెంట్ ఫండు కాగితంలో నామినీగా భార్య పేరో, పెళ్ళికి ముందు రాసిన తమ్ముని పేరో ఉంటుంది. డబ్బు నామినీ చేతికి వస్తుంది. అది ఎవరిది? 2009లో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగి ప్రావిడెంట్ ఫండు తగవులో, నామినీకి డబ్బు అందుకొనే హక్కే గాని అది వారసులదేనని చెప్పింది. ప్రతి నిధికీ, బీమాకూ దాని నిబంధనలు దానికున్నవి, ముఖ్యంగా బీమా చట్టం 2015లో మారింది. కాబట్టి వకీలును అడగాలి. అయినా మన ఇళ్ళలో ముసలి తల్లి వాటా, కూతుళ్ళ వాటా ఎగిరిపోయేది కోర్టుల్లో కాదు, 'కాగితంలో పేరు లేదు' అన్న మాటతోనే. గణకశాస్త్రం చదివిన పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ మాట అంత సులువుగా చెల్లదు.

ప్రావిడెంట్ ఫండుకే సంబంధించి మరొక సందేహం తండ్రులు అడుగుతుంటారు: దానిపై పడే వడ్డీ తీసుకోవచ్చునా? తప్పనిసరిగా కోసే భాగం ఉద్యోగి చేతికి రానిదే కాబట్టి దానిపై కలిపిచ్చేది పేరుకు వడ్డీ అయినా రిబా కాదని ముఫ్తీ ముహమ్మద్ షఫీ రాశారు. ఇష్టపూర్వకంగా ఎక్కువ కట్టించుకొనే భాగంలో జాగ్రత్త అవసరమన్నారు. ఇక్కడ కూడా పేరు ఒకటి, స్వభావం ఒకటి. పే స్లిప్పు తెచ్చి ఆ రెండు అంకెలను వేరు చేసి చూపించమంటే, పదిమంది తండ్రుల్లో తొమ్మిదిమంది తమ స్లిప్పును ఎన్నడూ పూర్తిగా చదవలేదని తేలింది. కొడుకులు చదివి చెప్పారు.

లాభాల వాటా దగ్గరికి మళ్ళీ వస్తాను. దానిని ముజారబాతో పోల్చి మురిసిపోయే వ్యాసం ఒకటి చదివాను. పోలిక కుదరదు. కార్మికుడు కూలికి కుదిరినవాడు, ఇజారా. అతనికి జీతం నిర్ణీతం. వాటా దానిపై వచ్చేది. సంస్థలో 51 వంతులు రాష్ట్రానివి, 49 కేంద్రానివి; ఎంత శాతమో, దేని మీదనో ఏటేటా పైన నిర్ణయమవుతుంది. 2023-24 వాటాతోపాటు కాంట్రాక్టు కార్మికులకు తలకు 5,000 ఇచ్చారు. అదే దుమ్ములో, అదే షిఫ్టులో పనిచేసే పర్మనెంటు కార్మికునికి సగటున లక్షా తొంభై వేలు. తరువాతి సంవత్సరానికి శాతం 34 అయినది, కాంట్రాక్టువారికి 5,500. ముజారబాలో నిష్పత్తి, దాని ఆధారం పని మొదలుకాక ముందే ఇద్దరికీ తెలిసి ఉండాలి. తెలియకపోతే ఒప్పందమే చెల్లదు. ఈ కొలతతో సింగరేణిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, అది వేరే ఒప్పందం గనుక. పోలిక తెచ్చినవారు ఈ కొలతను దాచి తెచ్చారు, అంతే.

ఈ వేసవిలో పిల్లలతో కలిసి పన్నెండు లెక్కలు తయారుచేశాం. గిరిగిరి మూడు, భాగస్వామ్యం నాలుగు, వారసత్వం రెండు, లాభాల వాటా ఒకటి, జకాత్ రెండు. జకాత్ లెక్కల్లో ఒకటి సులువు: లాభాల వాటా చేతికి వచ్చిన తరువాత ఇంటి అప్పులు పోను మిగిలినది నిసాబు, అనగా 612 గ్రాముల వెండి విలువ, దాటిందా, సంవత్సరం ఎప్పుడు నిండుతుంది, రెండున్నర శాతం ఎంత. రెండవది ఒక అమ్మాయి వేసిన ప్రశ్న: బొగ్గు మీద జకాత్ ఉన్నదా? నిప్పుకు కరిగే లోహాల గనుల్లో అయిదో వంతు అని, కరగని ఖనిజాల్లో ఏమీ లేదని హనఫీలు. బంగారం, వెండి గనులకే అని షాఫయీలు. ఏ ఖనిజమైనా నలభయ్యో వంతు అని హంబలీలు. మరి గని ప్రభుత్వానిదైతే? రాయల్టీ పేరుతో బొగ్గు ధరలో 14 శాతం రాష్ట్రానికి ముడుతున్నప్పుడు? ఆ అమ్మాయి నాలుగు మతాల ప్రకారం నాలుగు గళ్ళు గీసింది. మాలికీల గడి నింపడానికి మా దగ్గర పుస్తకం లేకపోతే హైదరాబాదుకు జాబు రాశాం. జవాబు వచ్చింది, షాఫయీల గడిలోనిదే అందులోనూ రాయమని. ప్రభుత్వపు గని గురించిన ప్రశ్నకు మాత్రం ఇంకా రాలేదు.